పొగగొట్టంలో తెల్లగుడ్డ

నెలకోసారైనా నాకు ఒకే ఫోన్ వస్తుంది. మాట్లాడేది ఎవరైనా అడిగేది ఒకటే. "అంకుల్, డిలీట్ చేస్తే నిజంగా అంత తప్పా? అందరూ చేస్తున్నారు కదా."

డిలీట్ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. డీజిల్ ట్రక్కు పొగను శుభ్రం చేసే సామాను పీకేసి, అది ఇంకా అక్కడే ఉందని ఇంజిన్ కంప్యూటర్‌ను నమ్మించడం. ఆస్ట్రేలియాలో అది చట్టానికి విరుద్ధం. ఆ సంగతి ఫోన్ చేసేవాళ్ళకీ తెలుసు. వాళ్ళు అడిగేది చట్టం గురించి కాదు. ముప్పై ఏళ్ళు బండ్ల కింద పడుకున్న దైవసహాయం అంకుల్ ఏమంటాడా అని.

ఫోన్‌లో చెబితే సగమే అర్థమవుతుంది. అందుకే రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు ఒక సంగతి ముందే తెలుసుకోండి. నేను డిలీట్ చేశాను. ఒక్కసారే. అదీ ప్రార్థన చేసి మరీ చేశాను.

డెస్

మాది రేపల్లె దగ్గర ఒక ఊరు. మా నాన్న సంఘంలో ఉపదేశి. అక్షరాలు రాకముందే వాక్యాలు కంఠతా వచ్చిన ఇల్లు మాది. డిప్లొమా అయ్యాక ఒక బస్సు డిపోలో చేరాను. అక్కడ అబ్రహాం గారనే పెద్ద మేస్త్రి ఉండేవారు. ఇంజిన్ చప్పుడు వింటే ఏ సిలిండరు సరిగ్గా కొట్టడం లేదో చెప్పేసేవారు. ఆయన పొద్దున్నే దగ్గి ఉమ్మితే నల్లగా పడేది. "డీజిలు మనల్ని పోషిస్తంది, దాని వాటా అది తీసుకుంటంది లేరా" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

తర్వాత సిడ్నీ వచ్చి టూంగాబీలో ఇల్లు తీసుకుని, అక్కడికి దగ్గర్లోనే ఒక ట్రక్కుల వర్క్‌షాపులో చేరాను. దాని ఫోర్‌మన్ డెస్. పొడగరి, మాట తక్కువ. దైవసహాయం అన్న పేరు ఆయన నోట మొదటి రోజే డేవ్ అయిపోయింది. మిగతా అందరికీ కూడా.

డెస్ చర్చికి వెళ్ళే మనిషి కాదు. ఎందుకు వెళ్ళడని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను చూసిన మనుషుల్లో అంత నిజాయితీగా పనిచేసినవాళ్ళు మాత్రం చాలా తక్కువ. విశ్వాసినై ఉండి ఈ మాట రాయడానికి నాకు ఇబ్బందేమీ లేదు. దేవుడు నాకు గురువులుగా ఎవర్ని పెట్టాలో ఆయన ఇష్టం.

డెస్‌కు ఒక అలవాటు ఉండేది. మా దగ్గర ప్రతి బండికీ ఒక జాబ్ కార్డు ఉంటుంది. చివరి గడిలో, బండి అన్ని విధాలా సరిగ్గా ఉందని సీనియర్ మెకానిక్ సంతకం పెట్టాలి. ఆ సంతకానికి ముందు డెస్ ఒక తెల్లగుడ్డ తీసి, పొగగొట్టంలో చెయ్యి పెట్టి లోపల గుండ్రంగా ఒక్కసారి తుడిచేవాడు. వడపోత సరిగ్గా పనిచేస్తుంటే గుడ్డ దాదాపు తెల్లగానే వస్తుంది. పాతకాలం బండ్లు చూసినవాడిని, మొదట నేను నమ్మలేదు. డీజిలు బండి పొగగొట్టంలో తెల్లగుడ్డ ఏమిటి అనుకున్నాను.

"కంప్యూటర్ చెబుతోంది కదా, అంతా బాగుందని," అన్నాను ఒకసారి.

"కంప్యూటర్‌కి ఎవరో ఏదో చెబితే అదే మళ్ళీ నీకు చెబుతుంది, మేట్. గుడ్డకి ఎవరూ ఏమీ చెప్పలేరు."

ఐదేళ్ళకు చివరి గడిలో సంతకం పెట్టే హక్కు నాకిచ్చాడు. వర్క్‌షాపు తాళంచెవి కూడా.

సుధాకర్ బండి

సుధాకర్ మా సంఘం మనిషి. బాపట్ల వైపు వాళ్ళు. ఇక్కడికి వచ్చి వేర్‌హౌసులో కొన్నేళ్ళు చేసి, చివరికి సొంతంగా ఒక చిన్న ట్రక్కు తీసుకున్నాడు. తెల్లవారకముందే కూరగాయల మార్కెట్‌లో లోడు ఎక్కించుకుని టూంగాబీ నుంచి రౌస్ హిల్ దాకా కొట్లకు వేసేవాడు. ఆదివారం అదే బండిలో మా ఆరాధనకు కుర్చీలు తెచ్చేవాడు. వాళ్ళమ్మాయి రూతు యూనివర్సిటీలో చదివేది.

ఆ బండికి ఒక రోగం పట్టుకుంది. మసిని పట్టే వడపోత పొగగొట్టం దారిలో ఒక పెద్ద డబ్బాలా ఉంటుంది. దాన్ని మేం డీపీఎఫ్ అంటాం. అది నిండినప్పుడు బాగా వేడెక్కి, తనలోని మసిని తానే కాల్చుకోవాలి. సుధాకర్ బండిలో అది ఊరికే నిండిపోయేది. నిండగానే ఇంజిన్ తన బలం తగ్గించేసుకుంటుంది. మనిషి నడకలా అయిపోతుంది బండి. విండ్సర్ రోడ్డు మీద రెండుసార్లు, ఒకసారి సరిగ్గా రౌస్ హిల్ షాపింగ్ సెంటర్ ఎదురుగా ఆగిపోయింది. డీలరు దగ్గరికి వెళితే కంప్యూటర్ చూపే లోపం కోడు చదివి, డబ్బా శుభ్రం చేసి పంపారు. నెల తిరక్కుండా మళ్ళీ అదే. ఇంకొకసారి సరుకు ఆలస్యమైతే ఆ రూటు వేరేవాళ్ళకిచ్చేస్తానని మార్కెట్ ఏజెంటు చెప్పేశాడు. ఆ రూటు పోతే సుధాకర్‌కి ఇంకేమీ లేదు.

ఒక శనివారం ఇంటికొచ్చాడు. మా ఆవిడ సుగుణ టీ ఇస్తే తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఆ డబ్బా పీకేద్దాం."

"అది చెయ్యకూడదు, సుధాకర్."

"బ్లాక్‌టౌన్‌లో ఎవడో చేస్తాడంట. వాడెవడో నాకు తెల్దు. నువ్వుండగా నేను వాడి దగ్గరికెందుకు పోవాలన్నా?"

"దొరికితే నా ఉద్యోగం పోద్ది."

"రూటు పోతే నాది ముందే పోద్దిగా." టీ కప్పు బల్ల మీద పెట్టి అన్నాడు, "నువ్వు ప్రార్థన చేసి చెప్పు. దేవుడు వద్దంటే నేనిక అడగను."

ఇక్కడే నేను పడ్డాను. ముగ్గురం మోకరించాం. లేచేసరికి నా మనసు తేలికగా ఉంది. ఆ తేలికదనాన్నే జవాబనుకున్నాను. బాధలో ఉన్న పొరుగువాడి బండి బాగుచేయడం ప్రేమే కదా, ప్రేమ చట్టాన్ని మించింది కదా అని ఎక్కడెక్కడి వాక్యాలో తెచ్చుకుని అతికించాను. చిన్నప్పటి నుంచి వాక్యం చదివినవాడికి ఉండే ప్రమాదం ఇదే. తనకు కావలసిన దానికి ఒక వాక్యం ఎప్పుడూ దొరుకుతుంది.

ఆ మధ్యాహ్నమే డెస్ నా మీద నమ్మకంతో ఇచ్చిన తాళంచెవితో వర్క్‌షాపు తెరిచాను. సుధాకర్ బానెట్ మీద చెయ్యి వేసి మళ్ళీ ప్రార్థించాడు. డబ్బా కోసి, లోపలున్న తేనెపట్టులాంటి దిమ్మను బయటికి లాగి, ఖాళీ డబ్బా మళ్ళీ వెల్డింగ్ చేశాను. పైకి ఏమీ తెలియదు. కంప్యూటర్‌ను మాయ చేసే ఫైలు ఒక తెలిసినవాడి దగ్గర్నుంచి తెప్పించి ఎక్కించాను. బయటికి తీసిన దిమ్మను ఎక్కడ పారేయాలో తెలియక గోనెసంచిలో చుట్టి ఇంటి గరాజులో దాచాను.

బండి గుర్రంలా పరుగెత్తింది. సుధాకర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సాక్ష్యం

మా సంఘానికి ఏటా కృతజ్ఞత కూడిక ఉంటుంది. అద్దెకు తీసుకున్న స్కూలు హాలు, పాటలు, చివర్లో బిర్యానీ. డెస్‌ను ప్రతి సంవత్సరం పిలిచేవాణ్ణి. వచ్చి చివరి వరుసలో కూర్చునేవాడు. "నేను బిర్యానీ కోసం వస్తున్నాను, డేవ్, ఆశలు పెట్టుకోకు" అనేవాడు.

ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు పూర్తిగా అర్థం కాదు కాబట్టి, హాలు ముందు నిలబడి ఎవరు మాట్లాడినా పక్కన ఒకరు మైకులో ఇంగ్లీషులో చెప్పాలన్నది మా పద్ధతి. ఆ ఏడు కూడిక డబ్బా పీకిన మూడు వారాలకు వచ్చింది. ఇంగ్లీషులో చెప్పేది రూతు.

సాక్ష్యాలు చెప్పే సమయంలో సుధాకర్ లేచాడు. లేస్తాడని నేను ఊహించాల్సింది. మా వాళ్ళకు మేలు జరిగితే సంఘం ముందు చెప్పకుండా ఉండటం దేవునికి బాకీ పడటంతో సమానం.

"ఆరు నెలలు నా బండి నన్ను ఏడిపించింది," అన్నాడు. రూతు ఇంగ్లీషులో చెప్పింది. "డీలర్లు చేతులెత్తేశారు. రూటు పోయే పరిస్థితి. దేవుడు సహాయం అన్నని వాడుకున్నాడు. అన్న ఆ పొగ డబ్బాలో సామానంతా తీసేశాడు. ఆ రోజు నుంచి ఒక్కసారి ఆగలేదు."

రూతు తండ్రి వైపు చూసింది. నా వైపు చూసింది. ఒక్క క్షణం మైకు కిందికి దించింది. ఆ పిల్ల ఆ మాట మింగేస్తే బావుండునని నేను కోరుకున్నాను. ఆరాధనలో కూర్చుని ఒక పిల్ల అబద్ధం చెప్పాలని కోరుకున్నాను.

"డేవ్ అంకుల్ టుక్ ఎవ్రీథింగ్ అవుట్ ఆఫ్ ద ఎగ్జాస్ట్ ఫిల్టర్," అంది రూతు. "అండ్ ఇట్ హ్యాజ్ నాట్ స్టాప్డ్ సిన్స్."

హాలంతా హల్లెలూయా అంది. నేను డెస్ కూర్చున్న చివరి వరుస వైపు తిరగలేదు.

భోజనాల దగ్గర డెస్ నా ఎదురుగా కూర్చుని ప్లేటు ఖాళీ చేశాడు. తర్వాత ప్లేటు పక్కన పెట్టి, "ఈసారి ఇంకా బాగుంది," అన్నాడు. "రేపు ఏడింటికి రా. ఆ బండిని కూడా తీసుకురమ్మను. లోపల్నుంచి తీసింది ఎక్కడుందో అది కూడా."

గోనెసంచి

సోమవారం పొద్దున డెస్ అరవలేదు. అరిస్తే నాకు తేలికగా ఉండేది. జేబులోంచి తెల్లగుడ్డ తీసి సుధాకర్ బండి పొగగొట్టంలో ఒక్క చుట్టు తుడిచాడు. నల్లటి గుడ్డను మడిచి నా చేతిలో పెట్టాడు.

"జేబులో పెట్టుకో."

పెట్టుకున్నాను.

"ఇవాళ్టి నుంచి నువ్వు చేసిన ప్రతి పనికీ చివరి గడి నాది. నేను చెప్పేదాకా." ఆ తర్వాత సుధాకర్ వైపు తిరిగి, "ఈ బండి మొదట ఎలా ఉందో అలా అయ్యేదాకా ఇక్కడి నుంచి కదలదు," అన్నాడు.

సుధాకర్ చేతులు జోడించాడు. "సార్, రేపు పొద్దున లోడుంది. ప్లీజ్ సార్."

"వర్క్‌షాపు పాత ట్రక్కు ఖాళీగానే ఉంది. తీసుకెళ్ళు. డేవ్ నీతో వచ్చి పెట్టెలు దింపుతాడు. అతను తొమ్మిదిన్నరకల్లా పనిలో ఉంటే చాలు."

నన్ను పంపించేయడానికి ఆయనకు పూర్తి హక్కుంది. ఈ పని బయటపడితే వర్క్‌షాపు మూతపడేది, దానికి ఫోర్‌మన్‌గా జవాబు చెప్పాల్సింది ఆయనే. అది తెలిసి కూడా ఆయన మొదట ఆలోచించింది మర్నాటి కూరగాయల గురించి.

ఆ తర్వాత నా గోనెసంచి విప్పాడు. దిమ్మ ముక్కను వెలుతురులోకి తెచ్చి, వేలితో గీకి, ఆ వేలిని చాలాసేపు చూశాడు. డాక్టరు నాలుక చూసినట్టు.

"ఏం కనిపిస్తోంది?"

"మసి," అన్నాను.

"ఎలాంటి మసి? జిడ్డుగా ఉంటే టర్బో నూనె తాగుతోందని. బూడిదరంగులో గట్టిపడితే వయసైపోయిందని. ఇది పొడిగా, మెత్తగా, చాలా ఎక్కువగా ఉంది. అంటే?"

అంటే ఇంజిన్‌కు గాలి చాలడం లేదు. డీజిలు సరిగ్గా కాలక మసి ఎక్కువై, వడపోత దాన్ని పట్టలేక నిండిపోతోంది. డబ్బాకు ఏ రోగమూ లేదు. రోగం ఉందని ఆరు నెలలుగా చెబుతున్నది అదొక్కటే. దాని నోరు నేను మూసేశాను.

గాలి వెళ్ళే రబ్బరు గొట్టాల్లో ఒత్తిడి పెట్టి సబ్బునీళ్ళు పోశాం. గంటలో దొరికింది. ఒక బిగింపు కింద గొట్టానికి చిన్న చీలిక. బండి నిలబడి ఉంటే మూసుకుపోతుంది, లోడుతో ఎత్తు ఎక్కుతుంటే తెరుచుకుంటుంది. డీలరు చూసినప్పుడు కనిపించకపోవడానికి కారణం అదే. ఇంకో రెండేళ్ళు అలాగే నడిచి ఉంటే ఇంజిన్ మొత్తానికే ఎసరు వచ్చేది.

గొట్టం మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కొత్త వడపోత రావడానికి పది రోజులు.

ఆ పది రోజులు

ఈ వృత్తిలో నేను నేర్చుకున్న దానిలో సగం ఆ పది రోజుల్లో సుధాకర్ పక్క సీట్లో నేర్చుకున్నాను. వర్క్‌షాపులో నేను బండిని చూసేవాణ్ణి. బండి రోజును ఎప్పుడూ చూడలేదు.

సుధాకర్ ఒక కొట్టు ముందు ఆపుతాడు, ఇంజిన్ కట్టేస్తాడు, నాలుగు పెట్టెలు దింపుతాడు, మళ్ళీ స్టార్ట్ చేసి అర కిలోమీటరు పోతాడు. ఇంజిన్ ఎన్నడూ పూర్తిగా వేడెక్కదు. వడపోత తన మసి కాల్చుకోవడం మొదలుపెట్టినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న దీపం వెలుగుతుంది.

"ఆ లైటు వస్తే ఏం చేస్తావ్?" అని అడిగాను.

"భయమేసి వెంటనే ఆపేస్తాను అన్నా. ఇంకేం చేస్తాం?"

సరిగ్గా ఆపకూడని సమయం అదే. ఎవరూ అతనికి చెప్పలేదు. డీలరు చెప్పలేదు. అన్నా అని పిలిపించుకున్న నేనూ చెప్పలేదు, ఎందుకంటే నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి వారానికోసారి పని అయ్యాక మోటార్‌వే మీద అరగంట ఆగకుండా నడపడం అలవాటు చేసుకున్నాడు.

ఇంకో సంగతి కూడా ఆ సీట్లోనే చూశాను. ఒక స్కూలు ముందు సిగ్నల్ దగ్గర మా ముందు ఇంకో ట్రక్కు ఆగింది. కదిలేటప్పుడు గుప్పున నల్లగా వదిలింది. దాటడానికి నిలబడ్డ పిల్లలందరూ ఒకేసారి మోచేతుల్లో ముఖాలు దాచుకున్నారు, బాగా అలవాటైన పనిలా. నాకు అబ్రహాం గారు గుర్తొచ్చారు. నా జేబులో గుడ్డ ఉంది. మూడు వారాలు మా బండి కూడా ఆ సిగ్నల్ దగ్గరే ఆగి కదిలింది.

నా పొరుగువాడెవరని ప్రభువును అడిగినవాడి కథ నేను వందసార్లు విన్నాను, పిల్లలకు చెప్పాను కూడా. నా పొరుగువాడు సుధాకర్ అనుకున్నాను. పొగగొట్టం వెనక నిలబడ్డవాళ్ళు లెక్కలోకి రాలేదు.

వాదన గురించి

డిలీట్ కావాలనేవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. వాళ్ళ కోపంలో నిజముంది. మూడువందల కిలోమీటర్ల దూరంలో మనిషి జాడ లేని రోడ్డు మీద ఒక సెన్సర్ తప్పు చెప్పిందని బండి ఆగిపోతే ఆ డ్రైవర్ పడే యాతన నాకు తెలుసు. తయారీదారులు ఈ సామాను అమర్చారు గానీ, దాన్ని ఎలా చూసుకోవాలో డ్రైవర్‌కి నేర్పలేదు. రిపేరు సమాచారం తాళం వేసి దాచుకున్నారు. కోడు చదివి సామాను మార్చే మెకానిక్కులు ఎక్కువయ్యారు. నియమాలు ఉండాలనేవాళ్ళు ఇవన్నీ ఒప్పుకోకుండా జరిమానాల గురించే మాట్లాడితే డ్రైవర్లు వినరు. వినకపోవడం సహజం కూడా.

అయితే జవాబు డబ్బాను పీకడం కాదు. మెకానిక్ మెరుగవ్వడం. నేను బాగుచేసిన వందల బండ్లలో వడపోత తనంతట తాను చెడిపోయినవి చాలా తక్కువ. మిగతా అన్నింటిలో అది ఇంకెవరి తప్పో మోస్తోంది. మసిని బయటికి పోనివ్వకుండా తనలో దాచుకుని, తానే వేడెక్కి కాల్చుకునే ఆ వస్తువును చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. దాన్ని కనిపెట్టినవాళ్ళెవరో గానీ, అబ్రహాం గారి కాలంలో పుట్టి ఉంటే బాగుండేది.

కొత్తగా వచ్చే మీకు నేను చెప్పేది ఇంతే. బండిని చూసే ముందు డ్రైవర్‌ని తన రోజు ఎలా గడుస్తుందో చెప్పమనండి. మధ్యలో ఆపకండి. ప్రార్థన చేసుకోండి, తప్పక చేసుకోండి, కానీ చేతిలో పానా పట్టుకుని అనుమతి కోసం చేయకండి.

చివరి గడి

ఏడాది పాటు డెస్ నా పనులన్నింటికీ చివరి గడిలో తానే సంతకం పెట్టాడు. నేను పని ముగించి కార్డు ఇస్తే, గుడ్డ తీసుకుని బండి వెనక్కి నడిచేవాడు. వయసులో నాకంటే చిన్నవాళ్ళు ఆ గడిలో సంతకాలు పెట్టుకుంటుంటే చూస్తూ ఉండేవాణ్ణి. ఎందుకని ఒకరిద్దరు నన్నే అడిగారు. డెస్ ఎవరికీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

మళ్ళీ కృతజ్ఞత కూడిక వచ్చింది. డెస్ మళ్ళీ చివరి వరుసలో కూర్చున్నాడు. సాక్ష్యాల సమయంలో ఈసారి నేను లేచాను. నా పక్కకు రూతు వచ్చి నిలబడింది.

"పోయిన ఏడాది ఇక్కడ ఒక మేలు గురించి విన్నారు," అన్నాను. "అది మేలు కాదు. నేను చేసిన తప్పు." తాళంచెవి గురించి, గోనెసంచి గురించి, పది రోజుల గురించి, సిగ్నల్ దగ్గర పిల్లల గురించి అంతా చెప్పాను. సుధాకర్ తల దించుకున్నాడు గానీ, బయటికి వెళ్ళలేదు. రూతు ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పింది. నేను ముగించాక ఎవరూ హల్లెలూయా అనలేదు. సుధాకర్ లేచి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఆ ప్రార్థన అన్నతో చేయించింది నేనే," అన్నాడు. "తప్పులో సగం నాది."

రూతు ఆ మాటనూ ఇంగ్లీషులో చెప్పింది.

డెస్ బిర్యానీ తిని, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నా టూల్‌బాక్సు మీద ఒక జాబ్ కార్డు ఉంది. సుధాకర్ బండి, మామూలు సర్వీసు. క్లిప్పుకు ఒక కొత్త తెల్లగుడ్డ తగిలించి ఉంది. పని అంతా చేశాక డెస్ కోసం చూశాను. ఆయన అవతల వేరే బండి కింద ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"డెస్, ఇది అయిపోయింది. వచ్చి చూస్తావా?"

"నాకు పనుంది, డేవ్," అన్నాడు కింద నుంచే. "నువ్వే చూసుకో."

గుడ్డ తీసుకుని బండి వెనక్కి వెళ్ళాను. పొగగొట్టంలో చెయ్యి పెట్టి ఒక్క చుట్టు తుడిచాను. కొంచెం తడి తప్ప ఏమీ అంటలేదు. దాన్ని పాత నల్లగుడ్డ పక్కనే అదే జేబులో పెట్టుకుని, చివరి గడిలో సంతకం చేశాను.